పాఠాలకు కొదవలేదు



పశ్చిమ ఆస్ట్రేలియాలో వార్‌బర్టన్ అని ఒక చిన్న ఊరు ఉంది. ఎటు చూసినా ఎడారి. ఆ ప్రాంతంలో పెరిగిన ఒక పిల్లవాడికి బడి అంటే షార్ట్‌వేవ్ రేడియో సెట్టే. ఊళ్లకు దూరంగా ఉండే పిల్లల కోసం ఆ దేశంలో 1951లో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో 'స్కూల్ ఆఫ్ ది ఎయిర్' మొదలుపెట్టారు. అంతకుముందే ఆ మారుమూలలకు విమానంలో వెళ్లి వైద్యం చేసే డాక్టర్ల సంస్థ ఒకటి ఉండేది. రోగుల కబురు అందుకోవడానికి వాళ్లు నడుపుకునే రేడియో సెట్లనే చదువుకూ వాడుకున్నారు. టీచరమ్మ మైకు ముందు ప్రశ్న అడిగితే వందల కిలోమీటర్ల అవతల నుంచి పిల్లలు జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఈ రేడియోలో నా మాట మీకు వినపడుతుంది గానీ మీ మాట నాకు వినపడదు. వాళ్ల రేడియోలో మాట రెండువైపులా నడిచేది. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆ పిల్లవాడి పేరు మార్టిన్ డుగియామస్. పెద్దవాడయ్యాక పెర్త్ నగరంలో కర్టిన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. ఆన్‌లైన్ తరగతుల కోసం విశ్వవిద్యాలయం డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం ఆయన పని. అది ఆయనకు నచ్చలేదు. తనే ఒకటి రాసి, 2002లో మొదటి వెర్షన్‌ను ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేశాడు. దాని పేరు మూడిల్. ఇవాళ మన దేశంలోనూ ఎన్నో కాలేజీలు అసైన్‌మెంట్లు తీసుకునేది, క్విజ్‌లు పెట్టేది దాని మీదే.

జేబులో పైసా లేకుండా, స్టూడియో లేకుండా, నెట్‌లో ఊరికే దొరికే సరంజామాతో మామూలు కాలేజీ లెక్చరర్ ఒకరు విశ్వవిద్యాలయ స్థాయి కోర్సును ఆన్‌లైన్‌లో నడపగలరా? ఇవాళ్టి ప్రశ్న అది. నడపగలరు. ఎప్పటి నుంచో నడుపుతున్నారు కూడా. ఎక్కడ కుదిరింది, ఎక్కడ బెడిసికొట్టింది అన్నదే మనం చూడవలసింది.

ముందు సరుకు సంగతి. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల నోట్సు, ప్రశ్నపత్రాలు, లెక్చర్లు అన్నీ నెట్‌లో ఉచితంగా పెడతానని ప్రకటించింది. కొన్నేళ్లకే 1,800 దాకా కోర్సులు వచ్చేశాయి. అక్కడి ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ సుద్దముక్క పట్టుకుని చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు విని గట్టెక్కిన ఇంజనీరింగ్ విద్యార్థులు మన ఊళ్లలోనూ ఉన్నారు. 2003లో మన ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ అనే ఉచిత వీడియో పాఠాల పథకం మొదలుపెట్టాయి. రైస్ విశ్వవిద్యాలయం వాళ్ల ఓపెన్‌స్టాక్స్ 2012 నుంచి డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలను పూర్తిగా, ఉచితంగా ఇస్తోంది. తెరమీద తీగలు కలిపి, లోలకం ఊపి చూసుకునే ఫెట్ ప్రయోగాలు కొలరాడో విశ్వవిద్యాలయానివి. వాటిని మొదలుపెట్టిన కార్ల్ వీమన్ భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి. బొంబాయి ఐఐటీ వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఒక్కోటీ పది నిమిషాల దాకా ఉంటాయి, చాలావాటికి తెలుగు గొంతు కూడా ఉంది. ఇక తెలుగులో అచ్చయిన చదువు మనకు కొత్త కాదు. 1968లో తెలుగు అకాడమీ, 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, రెండూ హైదరాబాదులో పుట్టినవే.

సరుకు ఇంత ఉంది. అయినా అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే ఉంది మన విద్యార్థి పరిస్థితి. ఒక డిగ్రీ కుర్రవాణ్ని 'నెట్‌లో చదువుకో నాయనా' అని వదిలేయండి. గంట సేపు వెతుకుతాడు, మూడు వీడియోలు సగం సగం చూస్తాడు, నాలుగోది సినిమా పాట అవుతుంది. తప్పు వాడిది కాదు. ఏది ముందు, ఏది వెనక, ఏది అక్కర్లేదు అన్నది తెలియాలంటే ఆ సబ్జెక్టు ముందే వచ్చి ఉండాలి.

దీనికి కెనడాలో ఇద్దరు చేసిన ప్రయత్నం చెబుతాను. 2008లో మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ ఒక కోర్సు నడిపారు. ఫీజు కట్టి క్రెడిట్ కోసం చేరినవాళ్లు పాతికమంది. తలుపులు తీసి ఎవరైనా రావచ్చు అన్నారు. రెండువేల రెండొందల మంది దాకా వచ్చారు! ఎంతమందైనా చేరగల ఆన్‌లైన్ కోర్సుకు మూక్ అనే మాట పుట్టింది ఈ కోర్సు నుంచే. వాళ్లు దీనికోసం కట్టిన భవనమూ లేదు, పెద్ద ఖర్చు పెట్టి తీసిన వీడియోలూ లేవు. చదవాల్సినవన్నీ అప్పటికే నెట్‌లో ఉచితంగా ఉన్న వ్యాసాలు. చర్చకు మూడిల్. విద్యార్థులు ఎవరి రాతలు వాళ్లు నెట్‌లో తమ సొంత పేజీల్లో రాసుకునేవారు. అన్నీ ఒకచోటికి లాగే చిన్న ప్రోగ్రామ్‌ను డౌన్స్ రాశాడు. దాని సాయంతో రోజుకొక ఈమెయిల్ ఉత్తరం తయారయ్యేది. ఇవాళ ఎవరేం రాశారు, ఏ చర్చ వేడెక్కింది, రేపు ఏముంది అన్నీ అందులో ఉండేవి. దాన్ని 'డైలీ' అనేవారు.

నా దృష్టిలో ఆ కోర్సు మొత్తంలో తెలివైన పని ఆ ఉత్తరమే. రెండువేల మంది రెండువేల చోట్ల ఉన్నప్పుడు కోర్సు ఎక్కడుంది అంటే, రోజూ ఇంటికొచ్చే ఆ ఉత్తరంలో ఉంది. అయితే ఒక మాట. అందులో చేరినవాళ్లు చాలావరకు చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లే, తమంతట తాము నేర్చుకోగల పెద్దవాళ్లు. వాళ్లకు కుదిరిందని మన డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకూ కుదురుతుందనుకుంటే పొరపాటు.

ఆ పొరపాటు జరిగింది కూడా. కాలిఫోర్నియాలో మనవాళ్లు బోలెడంత మంది ఉండే సిలికాన్ వ్యాలీలోనే, శాన్ హోసే స్టేట్ అని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. 2012, 2013 సంవత్సరాల్లో అక్కడ ఒకే ఆవరణలో మూడు కథలు నడిచాయి. తెచ్చిపెట్టుకున్న పాఠాలతో కోర్సు నడపాలనుకునేవాళ్లు ఈ మూడూ తెలుసుకోవాలి.

మొదటిది ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ తరగతి. విద్యార్థులు బాగా తప్పే సబ్జెక్టు. మద్రాస్ ఐఐటీలో చదువుకుని ఎంఐటీలో ప్రొఫెసర్ అయిన అనంత్ అగర్వాల్ చెప్పిన ఆన్‌లైన్ పాఠాలను ఇంటి దగ్గర చూసి రమ్మన్నారు. తరగతిలో లెక్చర్ లేదు. ముగ్గురు ముగ్గురుగా కూర్చుని లెక్కలు చేయడమే. శాన్ హోసే లెక్చరర్ వాళ్ల మధ్య తిరుగుతూ ఎవరు ఎక్కడ ఆగిపోయారో చూసేవాడు. మామూలు తరగతుల్లో నూటికి 60 మంది లోపే గట్టెక్కే ఆ సబ్జెక్టులో ఆ సెమిస్టర్ ఈ తరగతిలో 91 మంది గట్టెక్కారు. ఒక్క సెమిస్టర్ లెక్కతో ఊగిపోకూడదు, నిజమే. కానీ తేడా చిన్నదీ కాదు.

రెండోది ఆ వెనువెంటనే, 2013 మొదట్లో. ఉడాసిటీ అనే సంస్థతో కలిసి మూడు కోర్సులు పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టారు, రెండు గణితం, ఒకటి స్టాటిస్టిక్స్. చేరినవాళ్లలో హైస్కూలు పిల్లలు ఉన్నారు, అంతకుముందు లెక్కల్లో తప్పినవాళ్లు ఉన్నారు. కొందరికి కంప్యూటరే సరిగ్గా అందుబాటులో లేదు. రెండు గణితం కోర్సుల్లోనూ పాసైనవాళ్లు సగానికి తక్కువే. వేసవిలో ఫలితాలు కొంత మెరుగయ్యాయిగానీ, ఈలోగా విశ్వవిద్యాలయం కాస్త ఆగుదామంది.

మూడోది నాకు బాగా నచ్చినది. హార్వర్డ్‌లో మైకేల్ సాండెల్ 'జస్టిస్' అనే పేరుతో చెప్పే పాఠాలకు ప్రపంచమంతా పేరుంది. వాటిని మీ తరగతిలో వాడండి అని శాన్ హోసే తత్త్వశాస్త్ర శాఖవాళ్లకు సూచన వచ్చింది. 2013 ఏప్రిల్‌లో వాళ్లు ఏకంగా సాండెల్‌కే బహిరంగ లేఖ రాసి, మేం వాడం అన్నారు. న్యాయం గురించి చర్చించే తరగతిలో పిల్లలు తమ ఎదుట ఉన్న గురువుతో వాదించాలి గానీ, వేరే విశ్వవిద్యాలయంలో వేరే పిల్లలు ఒక పెద్దాయనతో వాదిస్తుంటే చూస్తూ కూర్చోవడం ఏమిటన్నది వాళ్ల అభ్యంతరం. మా ఉద్యోగాలకు ఎసరు పెడుతున్నారన్న భయమూ అందులో ఉంది, దాన్ని వాళ్లు దాచుకోలేదు. మొదటి తరగతివాళ్లు అరువు పాఠాలు వాడుకుని బాగుపడ్డారు, వీళ్లు వద్దన్నారు. నన్నడిగితే ఇద్దరిదీ ఒకే మాట. రికార్డు చేసిన పాఠం చెప్పగలదు, వినలేదు. వినే మనిషి ఎక్కడున్నాడన్నదే ఇద్దరూ పట్టించుకున్నారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే మన లెక్చరర్లందరూ రాత్రికి రాత్రి ఆన్‌లైన్ అయిపోయారు. కష్టపడ్డారు, కాదనను. కానీ ఆ రోజుల్లో పడిన ఒక అలవాటు ఇంకా పోలేదు. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టడం, యూట్యూబ్ లింకు పెట్టడం, 'ఆల్ ఆర్ రిక్వెస్టెడ్ టు గో త్రూ' అని ఒక వాక్యం రాయడం. కింద అరవై దండం బొమ్మలు. సిలబస్ పూర్తయినట్టు లెక్క!

ఇలా కాకుండా ఎలా చేయవచ్చో ఒక యూనిట్ పట్టుకుని చెబుతాను. డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో కోరిలేషన్, తెలుగు మీడియం వాళ్లు సహసంబంధం అంటారు. రెండు విషయాల మధ్య పొత్తు ఎంతుందో ఒక అంకెలో చెప్పే పద్ధతి. ముందు లింకులు వెతక్కండి. వారం చివరికి విద్యార్థి ఏం చేయగలగాలో ఒక్క వాక్యం రాసుకోండి. ఫార్ములాలో అంకెలు వేసి జవాబు తేవడం ఒక లక్ష్యం. ఆ జవాబును ఎప్పుడు నమ్మకూడదో తెలియడం ఇంకో లక్ష్యం. రెండోది రాసుకున్నారనుకుందాం. అప్పుడు వెతుకులాట తేలికవుతుంది. 1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. ఒక్కో దాంట్లో 11 జతల అంకెలు. నాలుగింటి సగటులూ ఒకటే, కోరిలేషన్ కూడా ఒకటే, ఇంచుమించు 0.82. గ్రాఫు గీస్తే మాత్రం నాలుగూ నాలుగు దారులు. ఒకటి మామూలు గీత చుట్టూ చెదిరిన చుక్కలు, ఒకటి వంపు, మిగతా రెంటిలో ఒక్కో చుక్క మొత్తం లెక్కనే తారుమారు చేస్తుంది. ఆ పట్టికలు వికీపీడియాలోనే ఉన్నాయి.

సోమవారం కోరిలేషన్ మీద ఏదో ఒక మంచి లెక్చర్‌లో పది పన్నెండు నిమిషాల ముక్క చూడమనండి. గంట వీడియో లింకు ఇచ్చి ఊరుకోకండి. ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా అని చెప్పండి. ఆ ముక్క ఎక్కడుందో వెతకడానికి మీరే ఆ గంటా చూడాలి. జీతం దానికే. మంగళవారం ఆ నాలుగు పట్టికలను గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించి గ్రాఫులు గీయమనండి. ఫోన్‌లోనైనా పని జరుగుతుంది, వేళ్లకు కాస్త శ్రమ. గురువారం లోపు ఒక్కొక్కరూ తమ ఇంటి కరెంటు బిల్లుల్లోంచి పన్నెండు నెలల యూనిట్లు, ఆ నెలల్లో తమ ఊరి ఎండ తీవ్రత, ఈ రెండూ పక్కపక్కన వేసి గ్రాఫు పంపాలి. కింద ఒక్క వాక్యం: ఈ పొత్తును మీరు నమ్ముతారా, ఎందుకు? కూలర్ ఉన్న ఇంటికీ ఫ్యాను మాత్రమే ఉన్న ఇంటికీ గ్రాఫు ఒకేలా రాదు. ఎంఐటీ లెక్చర్‌లో ఈ సంగతి దొరకదు. పక్కవాడిది కాపీ కొడితే ఇట్టే దొరికిపోతారు, అది అదనపు లాభం.

ఇక అసలు పని. అరవై వాక్యాలు వస్తాయి. అరవై మందికి విడివిడిగా జవాబు రాయడం అయ్యేది కాదు, ఎవరూ చేయలేరు. పది ఎంచుకోండి. వాటి మీద ఐదారు నిమిషాలు మీ గొంతుతో, తెలుగులో, పేరు పెట్టి మాట్లాడి ఆ వాయిస్ మెసేజ్ గ్రూపులో పెట్టండి. 'లక్ష్మీ, నీ గ్రాఫులో మే నెల చుక్క ఒక్కటే ఎగిరిపోయింది, ఆ నెల ఇంట్లో పెళ్లేమైనా జరిగిందా?' అని అడిగితే తరగతి మొత్తం వింటుంది. వచ్చే వారం ఇంకో పదిమంది. డౌన్స్ ఉత్తరం చేసిన పనే ఇదీ చేస్తుంది, మన దగ్గర వాట్సాప్ రూపంలో. శనివారం జిట్సీ మీదో గూగుల్ మీట్ మీదో నలభై నిమిషాలు కలవండి. అందులో లెక్చర్ వద్దు. సందేహాలే.

గొంతు అన్నానంటే రేడియోవాణ్ని కాబట్టి అనుకోకండి. లెక్క ఉంది. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో గంట ఆడియో 29 ఎంబీల లోపు. గంట వీడియో అంతకు ఎన్నో రెట్లు తింటుంది. ఇంట్లో అన్నా చెల్లెళ్లు ఇద్దరికీ కలిపి ఒకటే ఫోన్, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి. అలాంటి విద్యార్థిని మనసులో పెట్టుకుని కోర్సు తయారుచేస్తే మిగతావాళ్లందరికీ అదే సరిపోతుంది. 2009లో షై రెషెఫ్ మొదలుపెట్టిన యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్ ఈ సంగతి ముందే గ్రహించింది. ఉచితంగా దొరికే పాఠ్యసామగ్రి, మూడిల్, స్వచ్ఛందంగా వచ్చిన అధ్యాపకులు, వీటితో పూర్తి డిగ్రీ కోర్సులు పెట్టారు. వీడియో లెక్చర్లు తప్పనిసరి కాదు, చదవడం, రాయడం, తోటివాళ్ల రాతలు దిద్దడం, అంతే. నెట్ వేగం లేని దేశాలవాళ్లు కూడా చేరగలిగారు. తోటివాళ్లు దిద్దడంలో పేచీలు లేకపోలేదు. ఒకడు ఉదారంగా వేస్తాడు, ఒకడు కసిగా వేస్తాడు. అయినా 2014లో అమెరికాలో ఆ విశ్వవిద్యాలయానికి గుర్తింపు దక్కింది.

హక్కుల గురించి రెండు మాటలు. నెట్‌లో కనిపించినదల్లా మనది కాదు. క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉన్నవాటిని, వాళ్లు పెట్టిన షరతు చదువుకుని, పేరు చెప్పి వాడుకోవచ్చు. కొన్నింటిని మార్చుకుని తెలుగు చేసుకోవచ్చు, కొన్నింటిని మార్చకూడదు, కొన్నింటిని వ్యాపారానికి వాడకూడదు. ఆ గుర్తు లేని వీడియోకు లింకు ఇవ్వండి, డౌన్‌లోడ్ చేసి మీ చానల్లో పెట్టకండి. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనకు కొంత వెసులుబాటు ఇచ్చింది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీల కేసులో ఢిల్లీ హైకోర్టు ఆ వెసులుబాటును విశాలంగానే అర్థం చేసుకుంది. అయితే అది తరగతికోసం జిరాక్స్ తీసిన పుస్తకభాగాల సంగతి. పుస్తకం మొత్తం స్కాన్ చేసి లోకానికి పంచడానికి ఆ తీర్పును అడ్డం పెట్టుకోలేం.

ఉచిత పరికరాలతో ఇంకో చిక్కు. అవి చెప్పాపెట్టకుండా పోతాయి, లేదా అలవాటయ్యాక డబ్బు అడుగుతాయి. ఎవరికివారు సొంత సోషల్ నెట్‌వర్క్ కట్టుకోనిచ్చిన నింగ్ 2010లో ఉచిత సేవ ఆపేసింది. ఎన్నో సైట్ల కొత్త రాతలను ఒకచోట చదువుకోనిచ్చిన గూగుల్ రీడర్ 2013లో మూతబడింది. ఎందరో టీచర్లు కోర్సులు కట్టుకున్న వికీస్పేసెస్ 2018లో, ఎడ్మోడో 2022లో వెళ్లిపోయాయి. విద్యాసంస్థలకు గూగుల్ ఇస్తూ వచ్చిన అపరిమిత నిల్వకూ 2022లో హద్దు పడింది. అందుకని మీ వారాల ప్రణాళిక, ప్రశ్నలు, విద్యార్థులకు రాసినవి, ఇవన్నీ మామూలు ఫైళ్లుగా మీ కంప్యూటర్లో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. సెమిస్టర్ మధ్యలో యాప్ మారినా కోర్సు ఆగదు. అలాగే మూడు పరికరాలకు మించి వాడకండి. పేజీ ఒకటి, మాట్లాడుకోవడానికి ఒకటి, క్విజ్‌కు ఒకటి. కొత్త యాప్ దొరికిందని ప్రతివారం ఒకటి చేర్చే ఉత్సాహవంతులను నేనెరుగుదును. పిల్లలు పాస్‌వర్డులు మర్చిపోవడంలోనే సెమిస్టర్ గడిచిపోతుంది.

చివరిగా మార్కులు. ఇదంతా చేస్తే మార్కులుంటాయా సార్ అని పిల్లలు మొదటి రోజే అడుగుతారు. అడగాలి కూడా. ఎన్‌పీటెల్ పాఠాలు వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం మీది కోర్సులకు 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా క్రెడిట్లు ఇవ్వవచ్చు, మీ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటేనే. మీరు సొంతంగా నడిపే కోర్సుకు అలాంటి ముద్ర ఉండదు. 2007లో అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వైలీ తన కోర్సును అందరికీ తెరిచి, బయటినుంచి వచ్చి పూర్తిచేసినవాళ్లకు తన సంతకంతో సొంతంగా ఒక పత్రం తయారుచేసి ఇచ్చాడు. విశ్వవిద్యాలయం ముద్ర లేకపోయినా వాళ్లు సంతోషంగా తీసుకున్నారు. మన పిల్లలకు ఆ సంతోషం చాలదు. కాబట్టి మీరు ఇప్పటికే చెప్పే పేపర్లోనే మొదలుపెట్టండి, ఇంటర్నల్ మార్కులు మీ చేతిలోనే ఉంటాయి. పేపరంతా వద్దు, ఒక్క యూనిట్ చాలు. ప్రతి ఏడాదీ పిల్లలు చాయిస్‌లో వదిలేసే యూనిట్ ఏదో మీకు తెలుసు కదా, దానితోనే.